బోర్లించిన తట్ట

మా బావ ఉద్యోగం ఊడగొట్టింది కంప్యూటరని ఇప్పటికీ అంటుంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఊడగొట్టింది మనుషులు. ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నదాన్ని నేను, నాకు తెలియదా?

బొబ్బిలి దాటాక రాజాం రోడ్డులో ఉండేది మా గోనెసంచుల మిల్లు. ఆఫీసులో నేను ఆపరేటర్ని, లోపల మగ్గాల మీద బావ, అంటే మా అప్ప మొగుడు. అక్కని మేం అప్ప అంటాం. స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే మా వైపు వస్తున్న రోజులు. మేనేజరు గారు ముచ్చటపడి జీపీఎస్ పెట్టె ఒకటి తెప్పించారు. డాబా మీద పుట్టగొడుగులాంటి యాంటెన్నా, దాని వైరు కింద నా బల్ల దాకా. ఉపగ్రహాలు చెప్పిన టైమును కంప్యూటర్ అందుకుంటుంది. ఆ టైముకే సైరన్లు. మొదటి సైరను పిలుపు, రెండోదానికి గేటు పడుతుంది. గేటు పడ్డాక వచ్చినవాడికి ఆ రోజు పని లేదు. అలా మూడుసార్లయితే అసలు పనే లేదు.

దసరా వెళ్లిన కొన్నాళ్లకి బావ గేటు బయట ఉండిపోవడం మొదలైంది. మిల్లు క్వార్టర్లలో వాళ్లు పిలుపు వినగానే పరిగెత్తుకొచ్చేవారు. బావ మాత్రం ఊరినుంచి మొదటి బస్సులో రావాలి.

“నా ఫోనుల ఇంకా టైమున్నాది, సూడు!” అని ఆయన చూపిస్తే వాచ్‌మన్ చూడనైనా చూడలేదు.

“నీ ఫోనేటి, నా ఫోనేటి! మిల్లు టైము ఉపగ్రహం కాడినుంచొస్తాది.”

ఇంట్లో అప్ప అంతకంటే. “టీ కొట్టుకాడ కూకుండిపోయి బస్సుమీద పెడతన్నావు. పైనున్నది అబద్దమాడతాదేటి?” అంది. బావ కంచం ముందునుంచి లేచిపోయాడు. మూడోసారికి, ఇక రావద్దన్నారు.

అబద్ధమాడడం ఆయనకి చేతకాదు. మర్నాడు ఆ పెట్టె సంగతేమిటో తేల్చుకుందామని కూర్చున్నాను. తెర మీద ఉపగ్రహాల దగ్గర సున్నా. నా ఫోనుతో చూస్తే కంప్యూటర్ చాలా ముందుకు పోయి ఉంది. పైనుంచి ఏమీ రాక, తన సొంత గడియారాన్నే నమ్ముకుని రోజూ కాస్త కాస్త ముందుకు జరుగుతోందన్నమాట. వైరు పీకి పెట్టాను. వేరే చోట గుచ్చాను. అంతా ఆపి మళ్లీ పెట్టాను. సున్నాయే. పెట్టె అమ్మినవాడికి విశాఖ ఫోన్ చేస్తే, “యాంటెన్నాకి ఆకాశం కనపడుతోందా మేడమ్?” అన్నాడు. డాబా మీద ఆకాశం కాక ఇంకేం కనపడుతుందయ్యా అని విసుక్కుంటూనే మెట్లెక్కాను.

యాంటెన్నా కనపడలేదు. దాని చోట ఇనప తట్ట బోర్లించి, పైన ఇటుకలు పెట్టి ఉన్నాయి. ఎత్తి చూస్తే ఎండిన బంతిపూలు, కుళ్లిన కొబ్బరి చెక్క, మధ్యలో పసుపూ కుంకుమా పూసుకుని యాంటెన్నా. ఆయుధపూజ! మగ్గాలకీ లారీలకీ చేసినట్టు దీనికీ చేశారు.

వాచ్‌మన్‌ని కేకేశాను. “కోతులొత్తాయని మేనేజరుగారే కప్పీమన్నారమ్మా. తియ్యమని మళ్లీ సెప్పనేదు. పూజలెట్టింది, సెప్పకుండా ఎలా ముట్టుకుంటాం?” అన్నాడు.

కిందికి దిగేసరికి తెర మీద ఉపగ్రహాలు ఒకటొకటే వస్తున్నాయి. కాసేపటికి కంప్యూటర్ టైము చటుక్కున వెనక్కి దూకి నా ఫోనుతో కలిసింది. మేనేజరు గదికి పరిగెత్తి జరిగిందంతా చెప్పాను.

“బాగైంది కదమ్మా, సంతోషం,” అన్నారు.

“మా బావని రమ్మనమంటారా సార్?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “గడియారం తప్పని ఒకడి కోసం ఒప్పుకుంటే రేపు గేటు దగ్గర జాతరే. నీ ఉద్యోగం నువ్వు చూసుకో.”

“తట్ట కప్పించింది మీరే కదా సార్?”

“అంటే పూజ చేయడం తప్పంటావా?” అన్నారు. ఛీ, అమ్మవారిని కూడా అడ్డం పెట్టుకున్నాడు పెద్దమనిషి!

క్యాంటీన్‌లో గొంతు చించుకుని అందరికీ చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. ఈలోగా సైరను మోగింది, టీ గ్లాసులు పెట్టేసి లేచి వెళ్లిపోయారు. సాయంత్రం ఇంటికెళ్లి చెబితే అప్ప మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇప్పుడు బావ రాజాంలో ఒక బియ్యం కొట్లో మూటలు మోస్తున్నాడు. కొట్టు తెరవడానికి చాలా ముందే వెళ్లి, మూసిన షట్టరు ముందు నిలబడతాడు. అంత పెందరాళే ఎందుకు బావా అని ఒకసారి అడిగాను.

“ఆల గడియారం ఎలగున్నాదో మనకేటి తెలుస్తాది?” అన్నాడు.