గెడ్డ ఒడ్డున పుల్ల

బస్సులు ఇంకా ఆ కొండలెక్కని రోజులవి. ఎదురుచూడటమంటే నాకు తెలిసింది సాలూరు స్టేషన్లో వెయిటింగ్ రూమ్ బోర్డు కింద కూర్చుని గడియారాన్ని తిట్టుకోవడమే.

ఓసారి సాలూరు నుంచి కాలినడకన కొండల్లోకి వెళ్తుంటే, పాచిపెంట దాటాక కొండగెడ్డ పొంగి వాగు దారికి అడ్డమైంది. మోకాలిలోతే కదా అని పంచె ఎగ్గట్టాను. ఒడ్డున కూర్చున్న ఓ కొండ ముసలమ్మ నా గొడుగు పట్టుకుని వెనక్కి లాగింది.

"ఎటెల్తన్నావు బాబూ? ఆ పుల్ల సూడు."

నీటి అంచున ఆమె గుచ్చిన పుల్ల సగం మునిగి ఉంది.

"నీరింకా ఎక్కతంది. పుల్ల మొదలు ఆరినాక ఎల్దాం."

అంతలోనే నేను దిగబోయిన చోట పెద్ద మాను ఒకటి కొట్టుకుపోయింది.

మధ్యాహ్నానికి పుల్ల మొదలు ఆరింది. ఆమె నన్ను చెయ్యిపట్టి దాటించి, తన దారిన వెళ్లిపోయింది. నేను పేరు అడగలేదు, దణ్ణమూ పెట్టలేదు.

ఆ దణ్ణమే ఇప్పుడు పెడుతున్నాను, ఎవరు ఆగమన్నా గడియారం వంక చూడకుండా కూర్చుని.