మాల్టాలో బోట్ లేదట

చలికాలం సెలవులకి యూరప్‌లోని మాల్టా దీవికి వెళ్తున్నాం. ఆఫ్ సీజన్ కాబట్టి చవకని నాన్న తెగ మురిసిపోయారు. మేముండే మస్కట్‌లో ఎండలు తగ్గి డిసెంబర్ వస్తేనే కదా అందరం బీచ్‌కి వెళ్తాం, అక్కడా అంతే అనుకుని, సముద్రంలో గుహలు చూపించే బోట్ ట్రిప్ కూడా హోటల్ వాళ్లని అడిగారు. నాకు బోటంటే చచ్చేంత భయం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ కాకినాడలో చుట్టాల దాకా ఫోన్లు చేస్తుంది.

ఈ రోజు సాయంత్రం హోటల్ వాళ్లు జవాబిచ్చారు. చలికాలం అలలెక్కువ, చిన్న బోట్లు నడపరట.

"డిసెంబర్‌లో బోట్ లేకపోవడమేంటే?" అని నాన్న అమ్మని అడిగారు.

"అక్కడ చలండీ బాబూ! స్వెట్టర్లు కొనాలని మొత్తుకుంటూనే ఉన్నాగా."

నేను లోపల హమ్మయ్య అనుకుని, ముఖం మాత్రం దిగాలుగా పెట్టాను. కొంచెం ఎక్కువైనట్టుంది.

"అయ్యో, ఆ మొహమేంట్రా బంగారం? శుక్రవారం ఇక్కడే డాల్ఫిన్ల బోట్ ఎక్కిస్తాలే," అంటూ నాన్న అప్పటికప్పుడే బుక్ చేసేశారు.

"థాంక్స్ నాన్నా," అన్నాను.

ఈ స్టేటస్ అమ్మానాన్నలకి కనపడదు. శుక్రవారానికి జ్వరం తెచ్చుకోవడం ఎలాగో తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.