తాళం ఫేషియల్

ఆ రోజుల్లో నాకున్న అవస్థకి డాక్టర్లు పెట్టిన పేరొకటి ఉందని మా మల్కాపురంలో ఎవరికీ తెలియదు. అలాగని నాకు పేర్లేం తక్కువ కాలేదు. బళ్లో మాస్టారు గాలిబుర్ర అన్నారు, అమ్మ మాలోకం అంది, పెళ్లయ్యాక మా ఆయన ఏ పేరూ పెట్టకుండా నిట్టూర్చేవారు (అన్నిటికన్నా అదే గట్టిగా వినిపించేది). పొయ్యి మీద పాలు పెట్టి, ఆరేసిన బట్టలు తీద్దామని మేడెక్కి, అక్కడ కుండీలో మొక్క వాడిపోయిందని నీళ్లకోసం కిందికి దిగి, దిగాక ఎందుకు దిగానో మరిచిపోయి, మంచం మీద కూర్చుని పాత ఫొటోలు చూసుకునేదాన్ని. పాల సంగతి మాడు వాసన వచ్చాకే గుర్తొచ్చేది. ఇప్పటి అమ్మాయిలు ఇలాంటివన్నీ ఫోన్లో వీడియోలు తీసి నవ్వుతూ చెప్పుకుంటున్నారు. చూస్తుంటే ముచ్చటగానే ఉంటుంది, కాస్త కుళ్లుగానూ ఉంటుంది. మా రోజుల్లో దానికి తిట్లే తప్ప వీడియోలు లేవు.

వింతేమిటంటే, గరిటె ఎక్కడ పెట్టానో గుర్తుండని నా బుర్రలోకి వ్యాపారం ఆలోచనలు మాత్రం తెల్లారకముందే వచ్చి కూర్చునేవి. ఎండు రొయ్యల పొట్లాలు కట్టాను, ఆ వాసనకి పక్క వాటావాళ్లు ఇల్లు ఖాళీ చేస్తామన్నారు. చోడిపిండి (రాగిపిండే) బిస్కెట్లు చేశాను, చీరలకి ఫాల్స్ కుట్టాను, పుట్టినరోజు కేకులు చేశాను (ఒకసారి కేకు మీద అన్నయ్య పేరు రాసి తమ్ముడి పుట్టినరోజుకి పంపించాను, ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలూ ఏడ్చారు). ప్రతిదీ మొదట్లో నన్ను అన్నం కూడా తిననిచ్చేది కాదు, కొన్నాళ్లకి అటకెక్కేది. మా ఆయన పోర్టులో గుమస్తా, నెమ్మదస్తుడు. బ్యూటీషియన్ కోర్సు చేసి వీధి గదిలో కుర్చీ వేసుకుంటానంటే ఆయన అరవలేదు. "సెయ్యి. నానేటీ అనను. ఇది కూడా అటకెక్కిపోతే మాత్రం అన్నయ్య లారీ ఆఫీసులో కూకోవాల. లెక్కలు రాసే మనిసి కావాలంతన్నాడు" అన్నారు. మా బావగారి లారీ ఆఫీసు నేనెరుగుదును. కిటికీ లేని గది, గోడకి దేవుడి క్యాలెండరు, పొద్దుట్నుంచి పొద్దుపోయేదాకా గళ్లలో అంకెలు వెయ్యడం. అక్కడ ఓ పూట కూర్చుని వచ్చిన రోజున ఇంటికొచ్చి ఊరికే ఏడ్చాను. ఈ పార్లరు కూడా నిలబడకపోతే ఆ గదిలోనే నా జుట్టు నెరిసిపోతుందని నిజంగానే భయపడ్డాను.

మొదట్లో కనుబొమ్మలు తీయించుకోవడానికి తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. ఫేషియల్ చేయించుకోవడానికొచ్చిన తొలి మనిషి మా వీధి చివరింటి నైట్‌డ్యూటీ వదిన. డ్యూటీ ఆవిడది కాదు, వాళ్లాయనది. రిఫైనరీలో కాంట్రాక్టు పని, ఆయనకెప్పుడూ రాత్రి డ్యూటీలే పడేవి. ఆయన పొద్దున్నే వచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాటేదాకా ఆ ఇంట్లో మిక్సీ తిరగకూడదు, పిల్లలు పైకి నవ్వకూడదు, కుక్కరు కూత పెట్టకూడదు. కూత రాబోతోందని వదినకి ఎలా తెలిసేదో గానీ, సరిగ్గా ఆ ముందు క్షణంలో పరుగెత్తుకెళ్లి స్టవ్ కట్టేసేది. ఆయన లేచే వేళకి పిల్లలు బళ్లోంచి వచ్చేవారు, తర్వాత అత్తగారికి టిఫిను, తర్వాత ఆయనకి క్యారేజీ. ఆవిడ ఎప్పుడు నిద్రపోతుందో మా వీధిలో ఎవరికీ అనుమానం రాలేదు, నాకూ రాలేదు. కానీ ఆవిడ మాటంటే వీధి మొత్తానికీ గురి. ఏ కొట్లో కందిపప్పు బాగుంటుందో, ఏ టైలరు గుడ్డ మిగుల్చుకుంటాడో ఆవిడే చెప్పాలి. ఆవిడ బాగుందంటే నా కుర్చీకి ఖాళీ ఉండదు, పెదవి విరిస్తే ఇక లారీ ఆఫీసే.

ఆ సాయంత్రం ఎలమంచిలిలో వాళ్ల ఆడపడుచు నిశ్చితార్థం. "బేగి సేసీయాలే పిల్లా. సాయంత్రం వేన్ వచ్చీద్ది. పెద్దకోడల్ని గదా, అందరూ నా మొకమే సూత్తారు" అంటూ కుర్చీలో కూలబడింది. మొహం కడిగి, క్రీము రాసి మర్దన చేస్తుంటే మధ్యమధ్యలో ఫోను. బెల్లం ఎక్కడుందని ఒకసారి అత్తగారు, సాక్సులు ఎక్కడున్నాయని ఒకసారి కొడుకు. "ఒదినా, అలగ మాటాడితే మొకమ్మీద ముడతలు పడిపోతాయి. ఫోను ఇలగియ్యి" అని లాక్కున్నాను (ఎక్కడ పెట్టానన్నది నాకు తర్వాత తెలిసింది, మీకూ అప్పుడే చెబుతాను). ముల్తానీ మట్టి పట్టించి, కళ్ల మీద పెట్టడానికి కీరా ముక్కల కోసం ఫ్రిజ్ తీస్తే కీరా లేదు. కీరా లేని ఫేషియల్ ఏం ఫేషియల్? తొలి గిరాకీకి లోటు చెయ్యకూడదని తడిపిన దూది కళ్ల మీద పెట్టి, "కదలకొదినా, పావుగంటలో వచ్చీత్తాను" అని, బయటికొచ్చి, తలుపు లాగి, తాళం వేసి, బండెక్కాను. తాళం వేసింది నా బుర్ర కాదు, నా చెయ్యి. ఇల్లు బార్లా తెరిచి ఊరి మీద పడుతున్నానని తిట్లు తిని తిని, ఏది మరిచినా తాళం మరవకూడదని నా చేతికి నేర్పుకున్నాను. జీవితంలో పట్టుదలగా నేర్చుకున్న ఒకే ఒక్క మంచి అలవాటు అలా అక్కరకొచ్చింది.

కీరా కొన్నాను, అబద్ధమెందుకూ. కొని తిరిగొస్తుంటే బజారులో ఒక కొట్టు ముందు జనం మూగి ఉన్నారు. పేపరు ప్లేట్లు చేసే మిషను పెట్టి ఒకాయన నొక్కి చూపిస్తున్నాడు. అట్టముక్క పెట్టడం, పిడి కిందికి లాగడం, టక్కుమని ప్లేటు బయటికి రావడం! ఇంతందమైన పని లోకంలో ఉందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. నేనోసారి నొక్కుతానన్నాను. ఒకసారితో ఆగలేదు. కరెంటు ఎంత కాలుతుంది, అట్ట ఎక్కడ దొరుకుతుంది, పెళ్లిళ్ల సీజనులో ఎన్ని పోతాయి, అన్నీ అడిగాను. మల్కాపురం మొత్తం నా ప్లేట్లలో భోంచేస్తున్నట్టు కళ్ల ముందు కనబడిపోయింది. ఇలాంటప్పుడు నాకు ఆకలుండదు, ఎండ తెలియదు, కాలం నడుస్తోందన్న స్పృహే ఉండదు. (లారీ ఆఫీసులో ఒక పూట కూర్చోలేని మనిషిని, అక్కడ ఎంతసేపు నిలబడ్డానో చెబితే మా బావగారు నమ్మరు.) ఆఖరికి ఆ మిషనాయన నా ఉత్సాహం చూసి ముచ్చటపడి, "మేడమ్ గారూ, ఇప్పుడు మీరేటి సేత్తన్నారు?" అని అడిగాడు.

"నాకు పార్లరుందండీ" అన్నాను గర్వంగా. అన్నాక గుర్తొచ్చింది, ఆ పార్లరులో మనిషుందని.

ఎలా బండెక్కానో తెలియదు. రిఫైనరీ దగ్గర ట్యాంకర్లు బారులు తీరి ఉన్నాయి, వాటి సందుల్లోంచి దూరిపోతూ ఉన్న దేవుళ్లందరికీ మొక్కేశాను. ఊపిరాడిందో లేదో, భయపడి అరిచిందో, మట్టి బిగుసుకుపోయి చర్మం ఊడొచ్చిందో! మా వీధి మలుపులో సరిగ్గా వదిన అత్తగారే ఎదురైంది. చేతిలో మల్లెపూల పొట్లం, మొహం నిండా మంట. "మా కోడలు గానీ అగుపడిందేటే? వేన్ వచ్చీసి నిలబడిపోనాది. మీ ఇంటికెల్తే తాళం. ఫోను సేత్తే ఎత్తదు" అంది. "లేదత్తా, అగుపడితే బేగి పంపించీత్తాను" అన్నాను. నా నోట ఆ అబద్ధం ఎంత నిదానంగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకే ఆశ్చర్యం.

తాళం తీశాను. ఫ్యాను తిరుగుతోంది. వదిన కుర్చీలో తల వెనక్కి వాల్చి ఉంది. మొహం మీద మట్టి పెచ్చులు లేచింది, దూది ముక్కలు జారి రెండు చెవుల దగ్గరా పడి ఉన్నాయి. కదలిక లేదు. "ఒదినా" అన్నాను. అప్పుడు ఆవిడ గురక పెట్టింది. నా ప్రాణం లేచొచ్చింది. అంత పెద్ద గురక ఆడవాళ్లు పెట్టగా అంతకుముందు నేను వినలేదు. ఇంట్లో పైకి దగ్గడానికి కూడా వెనకాడే మనిషి, మూసిన గదిలో హాయిగా, దర్జాగా గురక పెడుతోంది.

భుజం తడితే ఉలిక్కిపడి లేచింది. లేస్తూనే, "ఆయన లేసీసినారా?" అంది. తర్వాత గది చూసింది, నన్ను చూసింది. నేను కాళ్లమీద పడినంత పని చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను, ప్లేట్ల మిషనుతో సహా. ఆవిడ మొహం కడుక్కుంటూ వింది. "తాళం ఏసీసినావేటి?" అంది. "ఏసీసినానొదినా." "మా అత్త వచ్చీసి తాళం సూసి ఎల్లిపోనాదేటి?" "ఎల్లిపోనాదొదినా." "ఫోనేదే?" అంది. ఫోను కోసం ఇల్లంతా వెతికితే, చివరికి నిమ్మకాయల పక్కన, ఫ్రిజ్‌లో కనబడింది. చల్లగా ఉన్న ఆ ఫోను నిండా ఎత్తని కాల్సు. ఆవిడ దాన్ని చెంపకి ఆనించుకుంది. కోపం వస్తుందనుకున్నాను, కళ్లలో నీళ్లొచ్చాయి. "పెళ్లైన కాడ్నించి పగటేల ఇలగ నిద్దరోయిన్ది నానెరగనే. నన్నెవులూ పిలవనేదు" అంది. కొంగుతో మొహం తుడుచుకుని, వేను దగ్గరికి పరుగెత్తింది.

ఆ రాత్రి మా ఆయనతో లారీ ఆఫీసుకి ఎప్పట్నుంచి రమ్మంటారో బావగారిని కనుక్కోమన్నాను. ఆయన నిట్టూర్చారు. ఆ తర్వాత కొన్నాళ్లు కనుబొమ్మలకి కూడా ఎవరూ రాలేదు, నేను ఖాళీ కుర్చీ తుడుచుకుంటూ గడిపాను. పోర్టు బొగ్గు దుమ్ము ఎలాగూ రోజూ పడుతుంది కాబట్టి ఆ పనికి మాత్రం లోటు లేదు. అప్పుడొక మధ్యాహ్నం వెనక వీధి ఆవిడ వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఆ ఒదినకి సేసినావంట గదా, అది నాకూ సెయ్యి" అంది. ఫ్రూట్ ఫేషియలా, గోల్డ్ ఫేషియలా అని అడిగాను. "అయ్యేటీ కాదే. తాళం ఏసీది" అంది.

ఎలమంచిలిలో పెళ్లికూతురి కన్నా పెద్దకోడలి మొహమే వెలిగిపోయిందట. ఎక్కడ చేయించావని అడిగిన ప్రతి ఆడమనిషికీ మా వదిన విడిగా పక్కకి తీసుకెళ్లి చెప్పిందట. ఇక ఆ ఏడాది నా కుర్చీకి ఖాళీ ఉంటే ఒట్టు. వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చునే ముందే ఫోను తీసి నా చేతికిచ్చేవారు, దాన్ని ఫ్రిజ్‌లో పెట్టేదాకా కళ్లు మూసేవారు కాదు. ఒకావిడ క్రీములేవీ అక్కర్లేదంది, మట్టి మాత్రం కాస్త రాయమంది, ఇంటికెళ్లాక చూపించాలి కదా. చంటిపిల్లల తల్లులు, షిఫ్టు డ్యూటీల ఇళ్లవాళ్లు, పొద్దున్నే లేచి చేపల గంప ఎత్తుకునే జాలరిపేట ఆవిడ ఒకతె, అందరూ నా వీధి గదిలో గురకలు పెట్టారు. నేను మాత్రం నా ఇంటికి నేనే తాళం వేసుకుని, మెట్ల మీద ఎండలో కూర్చునేదాన్ని. ఎవరైనా వచ్చి ఫలానా కోడలు ఏదని అడిగితే తెలియదనేదాన్ని. బావగారు లెక్కలు రాయడానికి ఇంకెవర్నో పెట్టుకున్నారు.

అత్తగార్లు మాత్రం తెలివితక్కువవాళ్లేం కాదు. మా ఇంటికి తాళం ఉందంటే కోడలు లోపలుందని అర్థమని ఏడాది తిరిగేసరికి కనిపెట్టేశారు. ఆ తర్వాత తాళం కనబడితే చాలు, కిటికీ దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచేవారు. నిద్రపోయిన మనిషి ఉలిక్కిపడి లేచి, సగం మట్టి మొహంతో పరుగెత్తుతుంటే నేను తాళం పట్టుకుని పక్కకి తప్పుకునేదాన్ని. తాళం ఫేషియల్ అలా ఆగిపోయింది. పార్లరు మాత్రం ఆగలేదు, అటకెక్కని నా వ్యాపారం అదొక్కటే.

ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద షాపుంది, ఇద్దరమ్మాయిలు పనిచేస్తున్నారు. మా అమ్మాయి క్లాసులో కుదురుగా కూర్చోవడం లేదని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ పిల్లని నాలుగు ప్రశ్నలడిగి నన్ను నలభై అడిగారు. ఏడీహెచ్‌డీ అన్నారు, ఇద్దరికీ. మాలోకం అన్న మాటకి ఇంత పొడుగు పేరుందని తెలిసి ఆ రోజు ఆటోలో నవ్వుకున్నాను, ఇంటికొచ్చాక నవ్వలేకపోయాను. ఇప్పుడు మాత్ర వేసుకుంటాను, అన్నిటికీ ఫోన్లో అలారం పెట్టుకుంటాను. పాలకొకటి, పిల్ల బస్సుకొకటి, కరెంటు బిల్లుకొకటి, మొహం మీద ప్యాకు తీయడానికొకటి. మీకోసం కూడా రోజూ కాసేపు ఉంచుకోండమ్మా అని డాక్టరమ్మ చెబితే దానికీ ఒకటి పెట్టాను. అది మోగినప్పుడల్లా నొక్కేసి ఇంకో పనిలో పడతాను. మరిచిపోయే మనిషి ఏదీ మరిచిపోకుండా ఒక రోజు గడపడానికి ఎంత అలిసిపోతుందో చెప్పినా ఎవరికీ అందదు. మొత్తానికి ఆ తర్వాత ఇన్నేళ్లలో ఒక్క గిరాకీని కూడా కుర్చీలో మరిచిపోలేదు. అందరూ మెచ్చుకుంటారు.

మొన్న నైట్‌డ్యూటీ వదిన వచ్చింది. వాళ్లాయన పని మానేసి ఇప్పుడు రాత్రీ పగలూ ఇంట్లోనే ఉంటున్నాడు (ఆవిడకి డ్యూటీ రెండింతలైంది). జుట్టు బాగా నెరిసింది, కళ్ల కింద నలుపు ఏ క్రీముకీ లొంగేలా లేదు. నేనే స్వయంగా మర్దన చేసి ప్యాకు వేశాను. ఊపిరి నెమ్మదించింది, చెయ్యి కుర్చీ మీంచి కిందికి జారింది. సరిగ్గా అప్పుడు అలారం మోగింది. నొక్కేసి, తడిగుడ్డ తెచ్చి, ఎక్కడా తడబడకుండా వేళకి ప్యాకు తుడిచేశాను. వదిన ఒక కన్ను తెరిచి నా వైపు చూసింది.

"అప్పుడే గుర్తొచ్చీసినానేటే నీకు?" అంది.

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఇన్నేళ్లూ అందరితో పాటు నేనూ తిడుతూ వచ్చిన ఆ పాతికేళ్ల మాలోకం మీద నాకు మొదటిసారి ముద్దొచ్చింది.