మీటరుతో పాటు నన్నూ బిగించేశారు

పోయిన నెలలో ఒక మంగళవారం మా ఇంట్లో, నేను స్వయంగా చేసుకున్న అలమరలో, గంటన్నర నిలబడ్డాను. అలమర ముందు కాదండి, లోపల. నవ్వకండి, టీ తాగుతూ వినండి.

మా తెనాలి ఇంట్లో కరెంటు మీటరు మెట్ల కింద గోడకి ఉంటుంది. అంత చోటు ఊరికే పోతోందని నాలుగేళ్ల క్రితం అక్కడ అలమర చేశాను. లెక్కల మాస్టారిని కదా, అరంగుళం కూడా వేస్టు కాకుండా కొలతలు తీశాను. మా ఆవిడ సుజాత బాపట్ల పుట్టింటి నుంచి తెచ్చుకునే ఆవకాయ జాడీల దగ్గర్నుంచి విరిగిన గొడుగుల దాకా అన్నీ అందులోనే. మీటరు మాత్రం అరల వెనక ఉండిపోయింది. రీడింగ్ తీసే ఆయన నెలనెలా టార్చి వేసి, మెడ వంచి, ఏదో గొణుక్కుంటూ పోయేవాడు. నా పనితనాన్ని మెచ్చుకుంటున్నాడనుకునేవాణ్ని.

స్మార్ట్ మీటరు పెట్టడానికి వెంకటేశ్వర్లు గారని రేపల్లె ఆయన వచ్చారు. యాభై దాటుంటాయి, సన్నటి మనిషి, మాట చాలా నెమ్మది. సరిగ్గా ఆ రోజే పదకొండింటికి మా అమ్మాయి లావణ్యకి ఇంటర్వ్యూ. హైదరాబాదు కంపెనీ, ఇంట్లోంచే ల్యాప్‌టాప్‌లో. రెండేళ్ల నుంచి ప్రయత్నిస్తున్న పిల్ల, చివరి రౌండు దాకా రావడం ఇదే మొదటిసారి. ఆ ల్యాప్‌టాపేమో ఛార్జర్ తీస్తే రెండు నిమిషాలు ఆగదు. ఇంట్లో ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం, వైఫై ఉంటేనే పని.

ఆయన విషయం విని, "అయితే సాయంత్రం వస్తాలెండి మాస్టారూ" అన్నారు.

"నాన్నా, సాయంత్రమే రమ్మను" అంది లావణ్య.

నేను ఊరుకుంటానా? "ఇరవై నిమిషాల పని. ఇప్పుడింకా పదేగా, కానివ్వండి" అన్నాను.

ఆయన బయట స్తంభం దగ్గర సప్లై తీసేసి వచ్చారు. జాడీలన్నీ దింపి, ఊడొచ్చే అరలు తీసేశాం. లోపలికి చూసి, "మధ్యలో ఉన్న ఈ నిలువు చెక్క తీస్తే చెయ్యి పడుతుందండి. దీన్ని ఎవరు బిగించారో గానీ, స్క్రూలన్నీ లోపలివైపు పెట్టారు" అన్నారు. ఎవరు బిగించారో చెప్పకుండా, స్క్రూడ్రైవర్ అందుకుని పక్కకి తిరిగి లోపలికి దూరాను. అలమర కొలతలన్నీ నాకు కంఠతా వచ్చు. నా కొలతే తీసుకోలేదు.

మూడు స్క్రూలు వచ్చాయి. నాలుగోది తీయగానే చెక్క ఒకవైపు జారి, నా పొట్టకీ తలుపు చట్రానికీ మధ్య అడ్డంగా బిగుసుకుంది. ముందుకి రాలేను, వెనక్కి పోలేను, కూర్చోలేను. సుజాత చెయ్యి పట్టుకుని లాగింది. చొక్కా గుండీ ఊడింది గానీ నేను ఊడలేదు.

"రంపంతో కొయ్యాలండి. అరగంట పైనే పడుతుంది" అన్నారు వెంకటేశ్వర్లు గారు. అప్పటికి పదిన్నర దాటింది. లావణ్య గుమ్మంలో నిలబడి నన్ను చూస్తోంది. తిట్టినా బాగుండేది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు నిజంగా సిగ్గేసింది నాకు.

ఆయన ఆ పిల్లనీ నన్నూ చూసి, "మాస్టారూ, మీకేమైనా అర్జంటా?" అని అడిగారు.

"నాకేం అర్జంటు లేదండి."

"అయితే ముందు అమ్మాయికి కరెంటు ఇద్దాం. తర్వాత మిమ్మల్ని తీద్దాం."

ఇక ఆ మనిషి పని చూడాలండి. స్టూలెక్కి, నా భుజం మీదుగా చేతులు రెండూ లోపలికి పోనిచ్చి, సగం చూపుతోనూ సగం వేళ్లతోనూ పని చేశారు. వైర్లకి రంగురంగుల టేపు ముక్కలు చుట్టి గుర్తులు పెట్టుకున్నారు. ఒక్క స్క్రూ జారిపడలేదు, ఒక్కసారి విసుక్కోలేదు. "ఒక్క క్షణం పొట్ట లోపలికి పీల్చండి మాస్టారూ, ఇది బిగించాలి" అంటే పీల్చాను. "ఇక వదలండి" అంటే వదిలాను. ఇంటి కరెంటు పనికి నేను చేసిన సాయం అంతే. పాత రీడింగుకి ఫోటో తీస్తే అందులో నా చెవి కూడా పడింది. కొత్త మీటరు ఫోటోలో బట్టతల పడింది. ఆఫీసులో ఏమనుకున్నారో తెలీదు.

మూత బిగించి, రెండుసార్లు తడిమి చూసి, బయటికెళ్లి సప్లై ఇచ్చారు. నా చెవి పక్కన ఎర్ర లైటు మిణుకుమంది. పదకొండుకి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. ఈ గోడకి అవతలే లావణ్య గది, పైన వెంటిలేటర్. రంపం పెడితే ఇంటర్వ్యూ అంతా ఆ చప్పుడే. వెంకటేశ్వర్లు గారు రంపం పక్కన పెట్టి, ఇంకో రెండిళ్లకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పి, నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. అంత పని ఉన్న మనిషి, నన్ను అలా వదిలేసి పోలేదండి. సుజాత ఇద్దరికీ టీ ఇచ్చింది. నాకు మాత్రం సందులోంచి సాసర్‌తో పట్టింది.

అవతల ఎవరో ఆవిడ ప్రశ్నలు వేస్తున్నారు. అంతా ఇంగ్లీషే. లావణ్య బాగానే చెబుతోంది. ఇంతలో ఆవిడ, "ఈ మధ్య అనుకోని ఇబ్బంది ఏదైనా వస్తే ఎలా సర్దుకున్నారు?" అని అడిగారు. మా అమ్మాయి ఆ పొద్దుటి కథే మొదలుపెట్టింది. అలమర, స్క్రూలు, చెక్క, పొట్ట, ఏదీ వదల్లేదు.

అవతల నవ్వు ఆగాక, "ఇంతకీ మీ నాన్నగారు బయటికొచ్చారా?" అన్నారావిడ.

"లేదు మేడమ్, ఇంకా లోపలే ఉన్నారు."

"అయ్యో, ముందు ఆయన్ని తీయండి. మేం ఆగుతాం."

ఆ మాటతో నాకు కంగారు పుట్టింది. నా వల్ల ఇంటర్వ్యూ ఆగిపోవడమా? వెంకటేశ్వర్లు గారు వద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నారు, నేను గోడలోంచి గట్టిగా అరిచేశాను: "నో ప్రాబ్లమ్ మేడమ్, ప్లీజ్ కంటిన్యూ!"

ఇంకో పావుగంట కంటిన్యూ చేశారు. ఆ తర్వాత వెంకటేశ్వర్లు గారు నాకు గీత కూడా పడకుండా చెక్క కోసి, నన్ను బయటికి దించారు.

ఉద్యోగం వచ్చిందండి. నిన్ననే జాయినింగ్, ఇంట్లోంచే. మొదటి మీటింగులో పన్నెండు మంది ఉన్నారట. అందరికీ తన పేరు చెప్పబోతుంటే, "మాకు తెలుసులే, ఆ అలమర మాస్టారి అమ్మాయివి కదూ" అన్నారట.