మామ మీసాలకు సరిపోయే వైను గ్లాసు

మా అమ్మ తమ్ముడికి అనంతపురం జిల్లా యాడికి ఊరి దగ్గర మెట్ట సేద్యం ఉండేది. చుట్టుపక్కల అందరూ వేరుశెనగ విత్తి ఆకాశం వైపు చూస్తుంటే, మా మామ మాత్రం బోరులో నీళ్లు పడ్డాయన్న ధీమాతో ద్రాక్ష పందిరి వేశాడు. రెండు వేల సంవత్సరం దాటి అప్పటికి కొన్నేళ్లయింది. ఊళ్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు తన ఇంటికే రావాలనుకునే మనిషి ఆయన. గ్యాసు పొయ్యి అట్లాగే వచ్చింది. అత్త చాలాకాలం దాని మీద పాలు మాత్రమే కాచింది.

ఆ ఎండాకాలం రాయదుర్గం అవతలి నుంచి ఒక కన్నడ పెద్దమనిషి తోట చూడడానికి వచ్చాడు. వైను తయారు చేసేవాళ్లకు ద్రాక్ష కొనిపెట్టడం ఆయన పని. రెండు పండ్లు నోట్లో వేసుకుని, ఇవి తినడానికి బాగున్నాయి గానీ వైనుకు పనికిరావని మర్యాదగా చెప్పాడు. మామ మొహం చిన్నబోవడం చూసి, కారులోంచి ఎర్ర వైను సీసా ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. వచ్చే నెల భార్యతో కలిసి ఇటు వస్తానని, మధ్యాహ్నం భోజనం ఇక్కడేనని, అప్పుడే సీసా తెరుద్దామని అన్నాడు. గదిలో ఉండే చల్లదనం చాలు, ఐసు పెట్టొద్దన్నాడు. కారెక్కుతూ ఇంకో మాట కూడా అన్నాడట.

"స్టీలు లోటాలో మాత్రం పోయొద్దు స్వామీ. దానికి గ్లాసు వేరే ఉండాది. కడుపు పెద్దది, మూతి చిన్నది. వాసన లోపల నిలబడల్ల."

పండ్లు పనికిరావన్న సంగతి మామ వారంలో మరిచిపోయాడు. స్టీలు లోటా మాటను మాత్రం మరవలేకపోయాడు.

నేను అప్పుడు అనంతపురంలో ఒక కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాణ్ని. ఒక ఆదివారం పొద్దున మామ వచ్చి, చెప్పులు విప్పకముందే అడిగాడు.

"అల్లుడా, వైను గ్లాసులు యాడ దొరుకుతాయప్పా?"

"నాకేం తెలుసు మామా?"

"ఇంగ్లీషు చెప్పేవాడివి, నీకే తెలీకపోతే ఇంకెవురికి తెలుస్తాది? పద."

ఇంగ్లీషువాళ్లు వాడే వస్తువులన్నిటికీ నేనే పూచీ అన్నట్టుగా నన్ను బయటికి లాక్కొచ్చాడు. స్టీలు సామాన్ల కొట్టులో మమ్మల్ని చూసి నవ్వారు. ఫ్యాన్సీ షాపులో మామ చేతులతో గాలిలో బొమ్మ గీసి వివరించాడు. "కడుపు పెద్దది, మూతి చిన్నది, ఒంటికాలి మీద నిలబడేది." షాపాయన కాసేపు ఆలోచించి లాంతరు చిమ్నీ తెచ్చాడు. అది కాదంటే ఐస్‌క్రీం కప్పు తెచ్చాడు. అదీ కాదంటే, ఆటల పోటీల్లో ఇచ్చే కప్పు దించి దుమ్ము తుడిచాడు.

"ఏమప్పా, నేనేమన్నా కబడ్డీలో గెల్చొచ్చినానా?" అన్నాడు మామ.

బస్టాండు పక్కన ఒక బారు ఉంది. అక్కడ అడుగుదామంటే, ఊరివాళ్లెవరన్నా చూస్తారని మామ గుమ్మం దగ్గరే నిలబడి నన్ను లోపలికి తోశాడు. లోపల నా విద్యార్థులు ఇద్దరు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి, "గుడ్ మార్నింగ్ సార్" అన్నారు. వాళ్ల మొహాలూ నా మొహమూ ఒకే రంగులో ఉండి ఉంటాయి. అంత చేసినా, అక్కడ ఉన్నవి అడుగు మందంగా ఉండే విస్కీ గ్లాసులే.

చివరికి పాతూరు సందులో, పెళ్లిళ్లకు పింగాణీ సామాన్లు అమ్మే ముసలి భాయ్ అటక మీది నుంచి ఒక పెట్టె దించాడు. అందులో నిజంగానే ఒంటికాలి గ్లాసులు ఉన్నాయి, మూడు రకాలవి. మామ ఒక్కొక్కటి తీసి, ఖాళీ గ్లాసులో ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, గట్టిగా పీల్చి, తల ఊపాడు. తర్వాత నీళ్లు పోయమన్నాడు. మొదటిది మొగ్గలాగా సన్నటి మూతిది. మా మామ మీసాలు ఊళ్లో పేరుపడ్డవి. అవి ఆ మూతికి రెండువైపులా అడ్డం పడ్డాయి. నీళ్లు నోట్లోకి పోకుండా మీసాల వెంట దిగి చొక్కా మీద కారాయి.

భాయ్ నవ్వకుండా చెప్పాడు. "గ్లాసు మంచిదన్నా. మీసం తీసెయ్."

"మీసం మా నాయన ఇచ్చినాడు, గ్లాసు నువ్వు ఇస్తాండావు. ఏది మార్చల్ల?"

రెండోది తాంబాళం మాదిరి వెడల్పుది. మీసాలకు ఇబ్బంది లేదు గానీ, "దీంట్లో వాసన నిలబడదు" అని ఖాళీ గ్లాసును చూసి మామ తేల్చేశాడు. మూడోది రెంటికీ మధ్యస్థంగా ఉంది. అంచు పలచన. గోటితో కొడితే చాలాసేపు మోగింది. మీసం తడవకుండా నీళ్లు లోపలికి పోయాయి. ఆ రకంలో మిగిలినవి నాలుగే. "సరిపోతాయి. వాళ్లిద్దరు, మనమిద్దరం," అన్నాడు మామ.

అత్త వాటిని చూసి ఒకటే మాట అంది. "తాగుడు గ్లాసులు నా వంటింట్లో పెట్టేకి లేదు." అందుకని అవి నెలరోజులూ బీరువాలో మామ పంచెల మధ్య పడుకున్నాయి.

అతిథులు వచ్చిన రోజు నేనూ వెళ్లాను. రేకుల కింద గది పొయ్యిలా కాగుతోంది. పెద్దమనిషి చెప్పింది చెప్పినట్టు మామ సీసాను ఆ గదిలోనే ఉంచాడు. ఆయన దాన్ని ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "స్వామీ, గది అంటే మా ఊరి గది. ఇది స్నానానికి పనికొస్తాది." దానికి తడిగుడ్డ చుట్టి బోరు నీళ్ల బకెట్లో పెట్టారు.

గ్లాసులు బయటికి రాగానే ఆయన ఒకదాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "ఇంత మంచివి యాడ పట్టినారు?" అన్నాడు. మామ ఛాతీ ఉబ్బింది. కానీ ఆ వెంటనే ఆయన, డాక్టరు తాగొద్దన్నాడని, తనకు మజ్జిగ చాలని చెప్పాడు. ఆయన భార్య కన్నడంలో, ఆయన వంతు కూడా తానే తాగుతానంది. అత్త పుట్టిల్లు కర్ణాటక సరిహద్దు దగ్గరి గుమ్మఘట్ట. కన్నడం చెవిన పడగానే వంటింట్లోంచి బయటికి వచ్చింది. ఇద్దరూ ఎన్నాళ్ల నుంచో ఎరిగినట్టు మాట్లాడుకున్నారు. ఆమె మిగిలిన గ్లాసులో కొంచెం వైను పోసి అత్తకు అందించింది.

మామ గాబరాగా అడ్డం వచ్చాడు. "ఆమె ఇట్లాంటివి ముట్టదమ్మా."

వద్దనడానికి ఎత్తిన చేతితోనే అత్త ఆ గ్లాసు అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని నిదానంగా వాసన చూసింది.

"నేరేడు పండ్లు," అంది. ఇంకోసారి చూసి, "ఎనకాల కొత్త కుండలో నీళ్లు పోసినట్లుండాది" అంది. పెద్దమనిషి భార్య చప్పట్లు కొట్టింది. మామ తన గ్లాసులో కళ్లదాకా మొహం పెట్టి పీల్చాడు.

"ఏం వాసన మామా?" అని అడిగాను.

"గ్లాసు వాసన."

"పెండ్లయినప్పటి నుంచి చూస్తాండా, ఆ ముక్కులో నశ్యం తప్ప ఏమీ పట్టదు," అంది అత్త. "పాలు మాడినా ఆ మనిషికి తెలీదు."

మరి అనంతపురమంతా తిరిగి నా పక్కన ఆ గ్లాసుల్లో పీల్చింది దేన్ని? అడగాలనుకున్నాను గానీ, మామ నావైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. ఆయన ఒక గుక్క తాగి, చింతపండు ఎక్కువైన చారు మాదిరి ఉండాదని అన్నాడు. నాకూ అట్లాగే అనిపించింది. పైకి మాత్రం బాగుందన్నాను. అత్త తన గ్లాసులోది ఆఖరి చుక్క దాకా తాగి, కోడికూర వడ్డించడానికి లేచింది. ఆమె చెంపలు కొంచెం ఎర్రబడ్డాయి. ఆ రోజు అందరికీ రెండేసి ముక్కలు ఎక్కువే పడ్డాయి.

ఆ తర్వాత కొన్నాళ్లకు బోరు ఎండిపోయింది. పందిరి పీకేసి మామ కూడా వేరుశెనగకే వచ్చాడు. పెద్దమనిషి మళ్లీ రాలేదు. కానీ ఆయన భార్య అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. అత్త అరుగు మీద కూర్చుని, పడీ పడీ నవ్వుతూ కన్నడంలో మాట్లాడేది. మామ చుట్టూ తిరిగి, ఫోను పెట్టేశాక అడిగేవాడు.

"ఏమంటాంది?"

"నీకు తెలీదులే," అని అత్త లోపలికి పోయేది.