బేకరీ అతను ఏ ఊరెళ్లాడు?

జర్మనీలో మేముండే బ్యోబ్లింగెన్‌లో ఒక చిన్న సినిమా థియేటర్ పక్కనుంచి నడిచినప్పుడల్లా పంచదార పాకం పట్టిన పాప్‌కార్న్ వాసన వస్తుంది. ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది డాక్టర్ వసుంధర గారు. యాభై ఏళ్ల కిందట తెనాలి నుంచి వైద్యం చేయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. రిటైరయ్యాక మా తెలుగు సంఘం పత్రికకు సంపాదకురాలయ్యారు. హైదరాబాదులో దినపత్రిక కొలువు వదిలి, భార్య ఉద్యోగం వెంట వచ్చిన నాకు, పేరు అచ్చులో చూసుకునే చోటు ఆ పత్రికలోని సినిమా పేజీ ఒక్కటే మిగిలింది.

ఒకసారి ఆ థియేటర్‌లోనే ఒక ఇటాలియన్ ప్రేమకథ చూడ్డానికి వెళ్లాను. పడవ నడిపే అతను, బేకరీ అతను, ఇద్దరూ మనసుపడ్డ ఒక అమ్మాయి. నవ్వు రాలేదు, ప్రేమా పండలేదు. దినపత్రికలో ఉన్నప్పుడు ఇంటర్వెల్‌కే లేచొచ్చి, మొదటి ఎడిషన్‌కు రివ్యూ అందించడం మాకు మామూలు. ఇక్కడ ఇంటర్వెల్ లేదు కనుక గంట కాగానే లేచొచ్చాను. అమ్మాయి పడవ అతన్ని చేసుకుంటుందని, బేకరీ అతను కన్నీళ్లతో ఊరు వదిలిపోతాడని ఊహించి రాసి పంపాను.

మర్నాడు వసుంధర గారు ఇంటికి పిలిచారు. కాఫీ చేతికిచ్చి, "ఏవయ్యా, బేకరీ అతను ఏ ఊరెళ్లాడు?" అన్నారు.

కాఫీ కప్పు కింద పెట్టాను. "సినిమా ఎలాగూ బాగాలేదు కదండీ."

"అస్సలు బాగాలేదు. నేను రెండుసార్లు కునుకు తీశాను. కానీ లేచి రాలేదు. అతనెక్కడికీ వెళ్లలేదయ్యా. ఇది వెయ్యను. ఇంకోసారి ఇలా రాశావంటే ఆ పేజీ ఇంకొకరికి ఇచ్చేస్తాను."

ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లారు. చివర్లో బేకరీ అతను ఆ అమ్మాయికీ పడవ అతనికీ జరిగే పెళ్లికి రొట్టెల బుట్ట మోసుకొచ్చి, ఏదో జోకు వేశాడు. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఈవిడ మాత్రం నవ్వారు. నేను అటు తిరిగి చూస్తే, "పాపం, ఎవరో ఒకరు నవ్వాలి కదయ్యా" అన్నారు.

సినిమా నీరసంగా ఉందనే మళ్లీ రాశాను. ఒక్క మాట మార్చకుండా వేశారు.

కిందటి చలికాలం ఆవిడ పోయారు. పత్రికకు నివాళి నన్నే రాయమన్నారు సంఘం వాళ్లు. "పెళ్లి చేసుకోకుండా, పరాయి దేశంలో ఒంటరిగా బతికారు" అని మొదలుపెట్టి ఆగాను. ఆవిడ జీవితంలో నేను చూసింది ఎంత? కాగితం పక్కన పెట్టి, ముప్పై ఏళ్లుగా ఆవిడ పక్కింట్లో ఉంటున్న జర్మన్ వృద్ధురాలి తలుపు తట్టాను. నేను రాసిన వాక్యం వచ్చీరాని జర్మన్‌లో చెప్పాను.

"ఒంటరిగానా? ఆవిడా?" అని ఆమె పక్కకు తప్పుకుని లోపలికి దారి ఇచ్చారు. "కోటు విప్పి కూర్చోండి. చాలాసేపు పడుతుంది."