లీజులక్కయ్య, ఆమె కన్సల్టెంట్ తమ్ముడు

లా ఆఫీసులో అందరికీ ఆమె లీజులక్కయ్య. ఎవరు దుకాణం అద్దెకిచ్చినా, గోదాము అద్దెకు తీసుకున్నా ఆ కాగితం ఆమె చేతి మీదుగా పోవలసిందే. నలభై దాటి కొంతకాలమైంది. మెట్లెక్కితే కాస్త ఆయాసం, ఎదుటివాళ్ళ తప్పు కనిపిస్తే బోలెడంత హుషారు. లీజు మధ్యలో ఎక్కడో దాక్కున్న 'అయితే' అనే మాటను చెవి పట్టుకుని బయటికి లాగగల మనిషి. అలాంటి మనిషిని ఫోనులో ఒక గొంతు బుట్టలో వేసుకుంది. ఆ సంగతి వింటే ఎవరికైనా రోత పుడుతుంది.

ఆమె ఆఫీసు మారాలనుకోవడానికి కారణం జీతం కాదు. ఒక టైలరు. ఆఫీసు నడిపే పెద్దాయన పార్టీలన్నీ, అంటే ఫీజిచ్చి పని చేయించుకునే క్లయింట్లన్నీ, భవనాల యజమానులే. అద్దెకు దిగేవాళ్ళు తమ తరఫున లాయరు లేకుండా వచ్చి సంతకాలు పెడతారు. వాళ్ళ పక్కన కూర్చుని నవ్వు మొహంతో "అందరికీ ఇదే నమూనా అండీ" అనడం లీజులక్కయ్య పని. ఆ నమూనాలో పెద్దాయన ఒక షరతు పెట్టించాడు. యజమాని మరమ్మతులంటే చాలు, అద్దెకున్నవాడు దుకాణం ఖాళీ చెయ్యాలి. మరమ్మతులయ్యాక తిరిగి రానివ్వాలని మాత్రం ఎక్కడా లేదు. రాయమన్నది ఆయన, రాసింది ఈమె.

ఒక ఉదయం, ఆ షరతు కింద దుకాణం ఖాళీ చెయ్యవలసి వచ్చిన టైలరు కుట్టుమిషను చిన్న వ్యానులో వేసుకుని, వ్యాను కింద నిలబెట్టి, పైకి వచ్చాడు. ఆయన తిట్టలేదు. "మీరు చెప్పారని సంతకం పెట్టానమ్మా. ఈ షరతు సంగతి మీకు కూడా ఎవరూ చెప్పలేదా?" అని అడిగాడు. ఆమెను కూడా ఎవరో మోసం చేశారేమోనని జాలిగా చూశాడు. ఆయన నాలుగు తిట్టి పోయుంటే ఈమె కూడా లోలోపల నాలుగు తిట్టుకుని అన్నం తినేది. ఆ జాలి చూపు మాత్రం గొంతు దిగలేదు.

ఆమె భర్త పళ్ళ డాక్టర్లకు కట్టుడుపళ్ళు చేసిపెడతాడు. ముందుగదిలో బల్ల మీద ప్లాస్టరు దవడలు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. వాటి మధ్య కాఫీ గ్లాసు పెడుతూ ఆమె అంది.

"ఆ ఆఫీసులో ఇంక ఉండలేనండీ. నా సంతకం చూస్తే నాకే అసహ్యంగా ఉంది."

"అయితే మారిపో. నువ్వొచ్చేస్తే ఆ ఆఫీసుకే పళ్ళూడిపోతాయి," అన్నాడాయన, ఆకురాయి పక్కన పెట్టకుండానే.

అనడం తేలికే. లాయర్ల లోకంలో ఇంకో ఆఫీసు గుమ్మం దగ్గరికి నేరుగా వెళ్ళి ఉద్యోగం అడగకూడదు. అది అడుక్కోవడం కింద లెక్క. మధ్యలో కన్సల్టెంటు అనే మనిషి ఉండాలి. బయోడేటా తీసుకెళ్ళేది అతనే, జవాబు తెచ్చేదీ అతనే. అంతా గుట్టుగా జరగాలి. అడిగినవాళ్ళు నోరు విప్పరు, వద్దన్నవాళ్ళూ విప్పరు. ఇద్దరూ కోర్టులో ఎదురుపడినా ఎండల గురించి మాట్లాడుకుని వెళ్ళిపోతారు. దానికి మర్యాద అని పేరు. ఆ మర్యాద నీడలో ఎంత చెత్త పేరుకుపోతుందో ఎవరూ తొంగి చూడరు.

ఆమె మొదట ఫోను చేసింది ఒక ఆడమనిషికి. ఆ కన్సల్టెంటు గొంతులో ఎక్కడా తడి లేదు.

"ఏ ఆఫీసండీ మీది?"

చెప్పింది.

"మీ పని నేను చెయ్యకూడదండీ. వాళ్ళు నా పార్టీ. ఉంటాను."

ఫోను పెట్టేసింది. లీజులక్కయ్యకు ఒళ్ళు మండిపోయింది. "ఎంత పొగరో చూశారా! రెండు ముక్కలు మాట్లాడితే అరిగిపోతుందా?" అని రాత్రి భోజనాల దాకా సణుగుతూనే ఉంది.

రెండోవాడు దొరికాడు. అతన్ని ఇంట్లో అందరూ తమ్ముడనే అనేవాళ్ళు. ఎందుకంటే అతను ఊపిరి పీల్చినప్పుడొకసారి, వదిలినప్పుడొకసారి అక్కా అంటాడు.

"అక్కా, మీలాంటి వాళ్ళు దొరకడం మా అదృష్టమక్కా. మీ పని నా సొంత అక్క పననుకుంటా. మోకాళ్ళు ఎలా ఉన్నాయక్కా? పాప పరీక్షలు బాగా రాసిందా?"

మోకాళ్ళ గురించి అడిగాడు, పాప గురించి అడిగాడు. ఆమె ఏ ఆఫీసులో చేస్తోందో విన్నాక మాత్రం ఒక్క క్షణం ఆగి, "ఓహో, మంచి ఆఫీసే కదక్కా," అన్నాడు. ఆ ఒక్క క్షణం ఆమె చెవిన పడలేదు. ఆఫీసుకు కొత్త పార్టీ ఎవరొచ్చినా ఆమె మొట్టమొదట చూసేది, ఎదుటి పక్షంవాళ్ళు కూడా మన పార్టీలేనా అన్నదే. రెండు వైపులా ఒకే మనిషి నిలబడకూడదు కాబట్టి, అది తేలందే కుర్చీ కూడా చూపించదు. తన విషయానికి వచ్చేసరికి ఆ ప్రశ్నే నోటికి రాలేదు. అక్కా అన్నాడుగా మరి!

తర్వాత జవాబులు రావడం మొదలైంది.

"ఎలా చెప్పాలో తెలీట్లేదక్కా. ఆ పెద్ద ఆఫీసువాళ్ళు వయసు కాస్త ఎక్కువన్నారు. నాకైతే ఏడుపొచ్చేసింది."

ఇంకో ఆఫీసు గురించి, "లీజులు తప్ప ఇంకేమీ రాదా అన్నారక్కా. మూర్ఖులు."

ఇంకోసారి, "ఫొటోలో చురుకుదనం లేదన్నారు. జుట్టుకి కాస్త రంగేస్తే బాగుంటుందేమో అక్కా. తమ్ముడిగా చెప్తున్నా."

ఆమె రంగు వేసుకుంది. ఆ రంగు కాస్తా దిండు గలీబుకు అంటింది. "అమ్మా, నీతోపాటు దిండుక్కూడా వయసు తగ్గింది," అని కూతురు పడీపడీ నవ్వింది. ఆమె నవ్వలేదు. ఆఫీసులో ఇదివరకు పెద్దాయన తప్పుడు షరతు చెబితే కనీసం మొహమైనా మాడ్చుకునేది. ఇప్పుడు అదీ లేదు. ఒక చెప్పుల దుకాణంవాడి కోసం అదే షరతుతో ఇంకో లీజు రాయమంటే తల వంచుకుని రాసింది. పక్కన కూర్చుని నవ్వింది కూడా. ఊళ్ళో అందరూ వద్దన్న మనిషికి, ఉండనిచ్చిన ఆ ఒక్క పెద్దాయనకు ఎదురుచెప్పే ధైర్యం ఎక్కణ్ణించి వస్తుంది?

"ఇంకో ఏడాది ఉన్నచోటే ఉండండక్కా. టైము బాలేదు," అనేవాడు తమ్ముడు.

ఆమె మనసంతా ఒక్క ఆఫీసు మీదే ఉంది. సైకిళ్ళు బాగుచేసే షాపు మీద మేడగదిలో నడిచే చిన్న ఆఫీసు అది. అద్దెకున్నవాళ్ళ తరఫున వాదించే బొంగురు గొంతు లాయరమ్మది. "అక్కడా ఇచ్చానక్కా, ఈ వారంలో చెప్తారు," అన్నాడు తమ్ముడు.

ఆ వారంలోనే కోర్టు వరండాలో బెంచీకి ఒక చివర ఈమె, రెండో చివర బొంగురు గొంతావిడ కూర్చోవలసి వచ్చింది. ఆవిడ కమలాపండు ఒలుచుకుంటోంది. మర్యాద ప్రకారం ఎండల గురించి మాట్లాడాలి. లీజులక్కయ్య అప్పుడే లోపల ఒక దుకాణదారు మీద కేసు గెలిచి వచ్చింది. మర్యాద చేయి జారింది.

"నా బయోడేటా నచ్చకపోతే పర్లేదండీ. ఆ ముక్కేదో తొందరగా చెప్పించెయ్యండి. ఎదురుచూడలేకపోతున్నాను."

ఆవిడ చేతిలో తొన ఆగిపోయింది. "ఏ బయోడేటా?"

లీజులక్కయ్య తమ్ముడి సంగతి చెప్పింది. ఆవిడ గింజ ఉమ్మేసి అంది.

"అతను మా మెట్లెక్కి రెండేళ్ళయింది. నేనే రావద్దన్నాను. అయినా మీ ఆఫీసుకి జూనియర్లని తెచ్చేది అతనే కదమ్మా! తను మనుషుల్ని తెచ్చిపెట్టే ఆఫీసు నుంచి ఒక్కర్ని కూడా కదిలించకూడదు. అది వాళ్ళ ఒప్పందం. నిజాయితీ ఉన్నవాళ్ళయితే మొదటి ఫోనులోనే చెప్పేస్తారు, మీ పని నేను చెయ్యకూడదని."

చెప్పింది కదా ఒకావిడ! రెండు ముక్కల్లో మొత్తం చెప్పేసింది. ఆ రెండు ముక్కలకే ఈమె ఆవిడను పొగరుబోతు అంది.

"సాయంత్రం మా ఆఫీసుకి రండి. అతని నోటితోనే విందాం," అంది బొంగురు గొంతావిడ.

సాయంత్రం వెళ్ళింది. చిన్న గది, రెండు బల్లలు, కిటికీలోంచి పంక్చరు జిగురు వాసన. లీజులక్కయ్య తన ఫోను బల్ల మీద పెట్టి, తమ్ముడికి కలిపి, ఇద్దరికీ వినబడేలా స్పీకరు నొక్కింది.

"అక్కా! ఇప్పుడే మీ గురించే అనుకుంటున్నా. నూరేళ్ళు మీకు."

"ఆ చిన్న ఆఫీసువాళ్ళు ఏమన్నారు తమ్ముడూ?"

"ఏం చెప్పమంటారక్కా. వాళ్ళూ వద్దన్నారు. ఆ బొంగురు గొంతావిడే అంది. నా ఎదురుగానే మీ కాగితం పక్కకి నెట్టేసి, ఈ వయసులో కొత్తగా ఏం నేర్చుకుంటుందయ్యా అంది. నేను ఊరుకోలేదక్కా. మీ కోసం పోట్లాడాను."

బొంగురు గొంతావిడ నోరు తెరిచింది. లీజులక్కయ్య చెయ్యెత్తి ఆపింది.

"ఎప్పుడు?"

"ఇప్పుడేనక్కా. ఇదిగో, వాళ్ళ మెట్లు దిగుతూ మాట్లాడుతున్నా."

ఆవిడ కుర్చీలోంచి లేచి తలుపు తీసి చూసింది. మెట్ల మీద ఒక పిల్లి పడుకుని ఉంది.

"మిగతా ఆఫీసులవాళ్ళు కూడా ఇలాగే నీ ఎదురుగానే అన్నారా తమ్ముడూ?"

"మీ మీద ఒట్టక్కా."

"నేను ఆవిడ గదిలోనే ఉన్నాను. నువ్వన్నదంతా ఆవిడ వింది."

"అక్కా, సిగ్నల్ సరిగ్గా..." అని ఫోను ఆగిపోయింది. పారిపోతూ కూడా అక్కా అన్నాడు, చూడండి!

భోజనం సగం అయ్యాక ముద్దలో వెంట్రుక తగిలినట్టయింది ఆమెకు. అంతవరకూ మింగిన ముద్దలన్నీ గుర్తొచ్చాయి. ఆమెను ఎవరూ వద్దనలేదు. అసలు ఆమె బయోడేటా ఎవరూ చూడనే లేదు. వయసనీ, లీజులు తప్ప రావనీ, చురుకుదనం లేదనీ అన్న నోళ్ళన్నీ ఒక్క నోరే. తన పార్టీ మనిషి కదలకుండా ఉండటానికి ఆమెను కూర్చోబెట్టి, రోజుకొంచెం కోసుకుంటూ వచ్చాడు. చెప్పుల దుకాణంవాడి సంతకం అయిపోయింది. దాన్ని ఇప్పుడు ఎవరు చెరుపుతారు?

"సరే, వాడి సంగతి వదిలెయ్యండి," అంది బొంగురు గొంతావిడ, కుర్చీ దగ్గరికి లాక్కుని. "మీ గురించి చెప్పండి. ఏం వచ్చు మీకు?"

లీజులక్కయ్య సర్దుకుని కూర్చుంది.

"నాకు లీజులు తప్ప ఏమీ రావండీ. వయసు కూడా కాస్త..."

తన గొంతులోంచి వాడి మాటలు రావడం తనకే వినబడింది. ఛీ అనుకుంది. పైకే అంది కూడా. లీజులక్కయ్య లేచి కుండలోంచి గ్లాసుడు నీళ్ళు వంచుకుని, తాగి, వచ్చి మళ్ళీ కూర్చుంది.

"నేను లీజులు బాగా రాస్తాను. అద్దెకున్నవాడు ఏ మాట దగ్గర చిక్కుకుంటాడో నాకు బాగా తెలుసు. ఆ చిక్కులు వేసింది నేనే కాబట్టి."

"అయితే విప్పగలరన్నమాట."

"ఇంకెవరో వేసినవి విప్పగలను. నేను వేసినవి మాత్రం నేను ముట్టుకోకూడదు. ఆ యజమానులు ఇవాళ్టిదాకా నా పార్టీలు కదండీ."